నల్లగొండ రామగిరిలోని ఒక క్రెచ్: పసిపిల్లల పగటి నిద్ర విషయంలో వారి పనితీరు

నల్లగొండ రామగిరి ప్రాంతంలో, ప్రధాన రోడ్డుకు కాస్త లోపలగా, ఒక డాబా ఇంటి కింది అంతస్తులో నడుస్తున్న క్రెచ్‌లో మా పాపను గత వేసవి చివర చేర్పించాం. అప్పటికి పాపకు పద్నాలుగు నెలలు. నేను ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకురాలిని కాబట్టి, జూన్‌లో తరగతులు మొదలయ్యే నాటికి పాప అక్కడ కుదురుకోవడం మాకు తప్పనిసరి. ఆటవస్తువులు, భోజనం, శుభ్రత ఈ పట్టణంలో మరికొన్ని చోట్ల కూడా బాగానే ఉన్నాయి. ఈ క్రెచ్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవలసింది మాత్రం పిల్లల మధ్యాహ్న నిద్రను వారు చూసుకునే తీరు గురించి.

చేర్చుకునే ముందు నిర్వాహకురాలు అడిగిన ప్రశ్నల్లో సగం నిద్ర గురించే. పాప ఎక్కడ పడుకుంటుంది, ఎవరు పడుకోబెడతారు, పాలు తాగుతూ నిద్రపోతుందా, తాగాక నిద్రపోతుందా అని ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. మా ఇంట్లో పాపకు అలవాటైంది తొట్టెల. మా అత్తమ్మ నూలు చీరతో కట్టిన ఆ తొట్టెలలో, పాలసీసా నోట్లో పెట్టుకొని, ఊపుతూ ఉంటేనే పాప కళ్లు మూసేది. ఒక ఆయా ఒకే సమయంలో నలుగురైదుగురు పిల్లలను పడుకోబెట్టవలసిన చోట ఇది సాధ్యం కాదని నిర్వాహకురాలు మొహమాటం లేకుండా చెప్పారు. కొత్త మనుషులు, కొత్త గది, కొత్త పడక మూడూ ఒకే రోజు ఎదురైతే పిల్ల తట్టుకోలేదని, కనీసం పడక అలవాటైనా అమ్మ చేతుల్లోనే మారాలని, అందుకు మూడు నాలుగు వారాల ముందే మొదలుపెట్టాలని అన్నారు. నా దృష్టిలో ఈ ఒక్క సలహా విలువ నెల ఫీజుతో సమానం.

మార్పును వారు ఒక క్రమంలో చేయించారు. మొదట వేళ. అక్కడ పదకొండున్నరకు భోజనం, పన్నెండున్నరకు పడక. ఇంట్లో పాప పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పడుకునేది. ఎక్కువమంది పిల్లలు పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య రెండు నిద్రల నుంచి ఒక్క నిద్రకు మారతారు. మా పాప సరిగ్గా ఆ వయసులోనే ఉంది కాబట్టి, పొద్దుటి నిద్రను ఒక్కసారిగా మాన్పించకుండా ముందు దాన్ని కురచ చేసి, తరువాత రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ఆలస్యం చేయమన్నారు. వేళ కుదిరాకనే తొట్టెల జోలికి వెళ్లాం: నిద్ర పట్టేదాకా కాక మగత వచ్చేదాకానే ఊపడం, ఆ తరువాత ఊపకుండా తొట్టెలలోనే జోకొట్టడం, చివరికి నేల మీద పరచిన బొంత మీదికి మార్చడం. పాలసీసాను పడకకు దూరం చేయడం అన్నిటికంటే కష్టమైంది. కానీ పాలు నోట్లో ఉండగానే నిద్రపోయే పిల్లలకు పళ్లు పుచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, క్రెచ్ లేకపోయినా అది మాన్పించవలసిన అలవాటే.

ఇంత పట్టింపు ఎందుకని మా ఇంట్లో పెద్దవాళ్లు అడిగారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. రాత్రి పది గంటలు పడుకున్నా, మిగిలింది పగలే పూడాలి. అది తప్పితే పిల్ల అలసిపోయి సాయంత్రం తొందరగా పడుకుంటుందని అనుకుంటాం గాని, జరిగేది చాలాసార్లు దానికి విరుద్ధం: బాగా అలసిన పిల్ల చిరాకుతో నిద్రకు ఎదురుతిరుగుతుంది, తిండి కూడా సరిగా తినదు.

చేరిన తరువాత మొదటి రోజుల్లో పాపను పన్నెండు లోపే ఇంటికి పంపించేశారు. భోజనం దాకా అలవాటయ్యాకనే నిద్రకు ఉంచుకున్నారు. ఆ తొలి నిద్రలప్పుడు గది మూల కూర్చోవడానికి నన్ను అనుమతించారు కాబట్టి వారి పని కళ్లారా చూశాను. కిటికీలకు ముదురు ఆకుపచ్చ పరదాలు, ఒక మూల నీళ్ల కూలర్, గోడ పొడవునా పలుచని గట్టి పరుపులు. ఆయమ్మ ఇద్దరు పిల్లల మధ్య కూర్చొని, కుడిచేత్తో ఒకరి వీపు మీద, ఎడమచేత్తో మరొకరి తొడ మీద ఒకే లయలో జోకొడుతూ ఉంటుంది. ఒకరు నిద్రపోగానే ఆ చెయ్యి తీసి పక్క పిల్లవాడి మీదికి మారుస్తుంది, రెండో చేతి లయ తప్పదు. ‘కండ్లు నలుపుకోంగనే పండవెట్టున్రి మేడం, ఏడ్సేదాక ఆగొద్దు’ అని ఆమె చెప్పిన మాట ఇంట్లో కూడా మాకు బాగా పనికివచ్చింది. మా అత్తమ్మ పాత చీర ముక్కను పాప పక్కన ఉంచడానికి ఒప్పుకున్నారు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం వేరే వరుస ఉంది. అక్కడ వెల్లకిలా పడుకోబెడతారు. దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ పెట్టరు. ఆ వయసు పిల్లల భద్రతకు పాటించవలసిన పద్ధతి అదే.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిలో ఒకటి చిన్నది కాదు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటడం మామూలైన ఈ జిల్లాలో, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను మాత్రమే తిరుగుతుంది, కూలర్ ఆగిపోతుంది. గది వేడెక్కడం ఒక సమస్య అయితే, కూలర్ మోతకు అలవాటుపడిన పిల్లలు మోత ఆగగానే ఒకరి తరువాత ఒకరు లేచి కూర్చోవడం మరొక సమస్య. ఇంత ఫీజు తీసుకునే చోట కూలర్‌కు సరిపడే ఇన్వర్టర్ ఉండి తీరాలి. వంటగది పక్కనే కావడంతో పిల్లలు పడుకున్న వేళకే గిన్నెలు తోమే చప్పుడు వినిపిస్తుంది. ఆ పనిని పిల్లలు లేచేదాకా ఆపితే ఖర్చు లేకుండా తీరిపోయే ఇబ్బంది ఇది. రెండున్నరకు అందరినీ లేపే నియమం కూడా నాకు నచ్చలేదు. రాత్రి నిద్ర చెడకూడదన్న వారి ఉద్దేశం సరైనదే అయినా, ఒంటిగంట దాటాక నిద్రపట్టిన పిల్లకు మరో అరగంట ఇవ్వడం న్యాయం. రోజువారీ పుస్తకంలో మొదట ‘నిద్రపోయింది’ అని మాత్రమే రాసేవారు. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది రాయమని అడిగాక మానకుండా రాస్తున్నారు.

ఫీజు పట్టణంలోని ప్లే స్కూళ్ల కంటే ఎక్కువే. అయితే మాలాంటి వారికి వేరే దారులు తక్కువ. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ సౌకర్యం కల్పించాలని చట్టం చెబుతోంది గాని, చిన్న సంస్థల్లో పనిచేసేవారికి అది వర్తించదు. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండినవారికి, అంతకంటే చిన్నవారికి ఇంటికి ఇచ్చేది బాలామృతం అనే పోషకాహార పొడి. తల్లి పనికి వెళ్లిన వేళ పసిబిడ్డను పడుకోబెట్టే చోటు కావాలంటే ఇలాంటి క్రెచ్‌లే దిక్కు.

ఇంట్లో ముందుగా అలవాటు చేయడానికి వ్యవధి ఉన్నవారికి ఈ క్రెచ్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. వచ్చే సోమవారమే ఉద్యోగంలో చేరాలన్న తొందరలో ఉన్నవారికి వీరి పద్ధతి నెమ్మదిగా తోస్తుంది, సగం పూట రోజులకు సెలవు దొరకడమూ కష్టమవుతుంది. చూడడానికి వెళ్లేవారు పొద్దున పిల్లలు ఆడుకునే వేళ కాకుండా, ముందుగా చెప్పి, పన్నెండున్నరకు వెళ్లి ఒక గంట గది బయట కూర్చొని రండి. వేసవిలో వెళ్తే ఇన్వర్టర్ సంగతి మీరు కూడా అడగండి.