గాజువాకలో డ్రైవర్ల న్యాయ అవగాహన తరగతి: బోధన మేలైనది, కరపత్రం మార్చాలి

గాజువాకలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆటో, లారీ డ్రైవర్లకు ఉచితంగా నిర్వహిస్తున్న న్యాయ అవగాహన తరగతికి హాజరయ్యాను. అరెస్టయిన మనిషి పోలీసుల నుంచి తప్పించుకుని పరుగు తీస్తే ఏమవుతుందన్న విషయానికే ఎక్కువ సమయం కేటాయించడం నాకు ఎంతో నచ్చింది. భయంతో క్షణంలో తీసుకునే ఆ నిర్ణయం గురించి మన కుర్రాళ్లకు ముందుగా చెప్పేవారు లేరు.

పాఠం చెప్పిన న్యాయవాది ఒక యువ డ్రైవరు చేతులను తువ్వాలుతో వెనక్కి కట్టి, చాప మీద బోర్లా పడుకోబెట్టి, లేవమన్నారు. అతను గడ్డం నేలకు ఆనించి, మోకాళ్లు ముందుకు లాక్కుని, పక్కకు దొర్లి, చివరికి తోటివారు పట్టుకుంటే గాని లేవలేకపోయాడు. అలా కట్టేసిన చేతులతో పరుగెత్తేవాడు తూలితే తల నేరుగా నేలకు కొట్టుకుంటుందని, అదే హనుమంతవాక దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద అయితే వచ్చే లారీకి బ్రేకు వేసే వ్యవధి కూడా ఉండదని ఆయన చెప్పారు. రోజూ ఆ రోడ్డు మీద బండి నడిపేవారికి అంతకు మించిన వివరణ అక్కర్లేకపోయింది.

చట్టం సంగతి కూడా స్పష్టంగా చెప్పారు. భారతీయ న్యాయ సంహిత 262వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధమైన కస్టడీ నుంచి తప్పించుకున్నా, అందుకు ప్రయత్నించినా 2 ఏళ్ల వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. అదీ అసలు కేసులో పడే శిక్షకు అదనంగా. నిర్లక్ష్యంగా బండి నడిపిన కేసులో గరిష్ఠ శిక్ష 6 నెలలే, పైగా అందులో బెయిలు హక్కుగా వస్తుంది. అలాంటి కేసులో పారిపోవడమంటే చిన్న కేసును చేజేతులా పెద్దది చేసుకోవడమే. తప్పించడానికి బండి తెచ్చిన స్నేహితుడి మీదా కేసు పడుతుంది. ఇక బెయిలు కోర్టు విచక్షణ మీద ఆధారపడే కేసుల్లో, పారిపోయిన చరిత్రే మొదటి అడ్డంకి అవుతుంది.

అరెస్టే అన్యాయమైతే ఏం చేయాలని ఒక క్లీనరు అడిగిన ప్రశ్నకు మాత్రం తొందరలో జవాబిచ్చారు. నా దృష్టిలో అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే, ఎందుకంటే తప్పు చేయనివాడు కూడా దెబ్బల భయంతో పరుగు తీస్తాడు. అరెస్టుకు కారణం చెప్పాలని, ఇంటివారికి కబురు చేయాలని, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని చట్టంలోనే ఉంది. అరెస్టు చెల్లదన్న వాదన వినిపించవలసింది అక్కడే గాని నడిరోడ్డు మీద కాదు. ఈ భాగానికి కనీసం మరో అరగంట కేటాయించాలి.

పంచిన కరపత్రంలో ఇంకా పాత శిక్షాస్మృతిలోని 224వ సెక్షనే అచ్చయి ఉంది. కొత్త చట్టం 2024 జూలై 1 నుంచే అమల్లో ఉన్నందున దాన్ని వెంటనే సరిదిద్దాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని, అందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చని కూడా అందులో పెద్ద అక్షరాలతో వేయాలి.