షాంగ్ రాజు జౌ, చిన్ అర్‌షి: ఎవరి పతనం ఎక్కువ ఘోరం?

ఒకరు షాంగ్ వంశం చివరి రాజు, ఇంకొకరు చిన్ వంశం రెండో చక్రవర్తి. పాత చైనాలో ఈ ఇద్దరూ చివరికి తమ ప్రాణం తామే తీసుకున్నారు, కానీ కథలు వేరు. జౌని బయటి సైన్యం కొట్టింది, క్రీ.పూ. 1046 ప్రాంతంలో ముయే దగ్గర ఓడిపోయి, ఒంటికి రత్నాలు చుట్టుకుని మంటల్లో దూకేశాడట. అర్‌షిది మాత్రం ఇంట్లో కుళ్లే. మంత్రి జావో గావ్ దర్బారుకి జింకని తెచ్చి ఇది గుర్రం అన్నాడు, చక్రవర్తి నవ్వి జింక కదా అంటే దర్బారులో కొందరు భయంతో నోరు మూసుకున్నారు, ఇంకొందరు గుర్రమే అనేశారు, జింక అన్నవాళ్లని జావో గావ్ తర్వాత ఏరి ఏరి శిక్షించాడు. క్రీ.పూ. 207లో ఆ మంత్రి మనుషులే వచ్చి చావమన్నారు, మామూలు మనిషిగానైనా బతకనివ్వండని బతిమాలాడట పాపం, వినలేదు. నాకైతే ఇదే ఎక్కువ ఘోరం అనిపిస్తుంది, జౌకి శత్రువు ఎదురుగా కనిపించాడు, ఇతనికి పక్కనే ఉన్నా తెలీలేదు.