ఆర్ట్స్ రెసిడెన్షియల్ స్కూల్లో మా అమ్మాయి ఏడేళ్లు: పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అనుభవం

మా పెద్దమ్మాయి 2018 జూన్‌లో ఆరో తరగతిలో చేరి, 2025లో పన్నెండు పూర్తి చేసి ఇంటికొచ్చింది. బొమ్మలు, సంగీతం, నాట్యం, చరిత్ర, సాహిత్యం లాంటి వాటికే పెద్దపీట వేసే ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు అది. పలాసలో రాత్రి రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నానికి దిగుతాం. ఏడేళ్లూ ఫీజు రాయితీ మీదే చదివింది. స్కూలు పేరు రాయడం లేదు. నేను చెప్పేవి ఏ స్కూలు గడప తొక్కినా అడగాల్సినవే.

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో నేను బట్టలు కుడతాను. మా వారికి చిన్న పుస్తకాల కొట్టు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వాటాగా వచ్చిన రెండెకరాల జీడితోట ఉన్నాయి. పిల్లకి ఎనిమిదేళ్లప్పుడు గుణుపురం అవతల ఒక పెళ్లికి వెళ్లాం. అక్కడ సవర గిరిజనుల ఇంటి గోడ మీద, ఎర్రమట్టి పూత పైన బియ్యప్పిండితో వేసిన ఇడితాల్ అనే బొమ్మ చూసింది. తిరిగొచ్చాక మా పెరటి గోడంతా పిండితో నింపేసింది. వాళ్ల నానమ్మ కేకలేస్తే, ఆవిడ బొమ్మ కూడా అందులో గీసింది. అప్పుడే అనుకున్నాం, దీన్ని ఎంపీసీ కోచింగ్‌లో పడెయ్యకూడదని.

ముందు కేంద్ర ప్రభుత్వ నవోదయ స్కూలు పరీక్షే రాయించాం. చదువు, బస, భోజనం అన్నీ ఉచితం. డ్రాయింగ్, సంగీతం మాస్టార్లు ఉంటారు. అయితే పిల్ల అయిదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా నవోదయకే పెట్టుకోవాలి. పాతపట్నం మాకు కూతవేటు దూరమైనా, అది శ్రీకాకుళం జిల్లా, అక్కణ్నుంచి పెట్టడానికి లేదు, మా గజపతి జిల్లా నుంచే పెట్టాలి. అందులో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. మాది మున్సిపాలిటీ. పిల్లకి రాలేదు. ఇంకో సంగతి, పదకొండులో హ్యుమానిటీస్ గ్రూపు అన్ని నవోదయల్లోనూ ఉండదు. మీ జిల్లాలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇక డబ్బు సంగతి. చేరినప్పుడు కాగితం మీద "75 శాతం రాయితీ" అని ఉంది. మా వారు ఆ కాగితం పట్టుకుని వీధంతా చూపించారు. ఏడాదికి మొత్తం ఫీజు 2,40,000 రూపాయలు. రాయితీ ట్యూషన్ ఫీజు 1,30,000 మీదే, హాస్టలూ మెస్సూ 1,10,000 పూర్తిగా మేమే కట్టాలి. అంటే తగ్గింది 97,500, మేం కట్టింది 1,42,500. రంగులు, కాన్వాసులు, నాట్యం దుస్తులు, ఏడాదికి మూడుసార్లు రైలు ఛార్జీలు ఇందులో లేవు. తొమ్మిదో తరగతికి ఫీజు 2,90,000 అయింది. రాయితీ మాత్రం అదే 97,500. ఫీజు పెరిగినా రాయితీ శాతం లెక్కన పెరగదని, చేరిన రోజు ఇచ్చిన మొత్తమే ఖాయమని అప్పుడు తెలిసింది. పెరిగిన 50,000 మొత్తం మా నెత్తిన పడింది. ఆ ఏడు నేను నిద్ర మానుకుని పెళ్లి బ్లౌజులు కుట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది. దయచేసి చేరే ముందే రాతపూర్వకంగా అడగండి: రాయితీ దేని మీద, ఎన్నేళ్లకి, ఫీజు పెరిగితే అదీ పెరుగుతుందా?

ఎనిమిదో తరగతిలో పరీక్ష రాస్తే, ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 వస్తుంది. అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ప్రైవేటులో చేర్చిన రోజునే ఆ దారి మూసుకుపోతుంది. ఆ నష్టం కూడా లెక్కలో వేసుకోవాలి.

స్కూలు మంచి కూడా చెప్పాలి. చేరిన నాలుగు నెలలకే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. రెండో టర్ము కట్టలేమని ఉత్తరం రాస్తే, ఒక్క మాట అనకుండా పది వాయిదాలు చేశారు. చిక్కల్లా కాగితాల దగ్గరొచ్చింది. ఇల్లు ఒడిశాలో, తోట ఆంధ్రాలో. ఆదాయం సర్టిఫికెట్ ఒక రాష్ట్రంలో, తోట నష్టం కాగితం మరో రాష్ట్రంలో తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకటి ఒడియాలో, ఇంకొకటి తెలుగులో. స్కూలు వాళ్లు రెంటికీ ఇంగ్లిష్ అనువాదం అడిగారు. సరిహద్దున ఉండేవాళ్లు ఈ పనికి రెండు నెలలు ముందే కదలాలి.

చదువు విషయంలో నా బాధ ఒక్కటే. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండులో పెయింటింగ్ ఉంది, ఒడిస్సీ ఉంది, కూచిపూడి ఉంది. పెయింటింగ్‌లో రాతపరీక్ష 30 మార్కులకే, 70 ప్రాక్టికల్‌కి. మా పిల్ల పదకొండులోకి రాగానే పెయింటింగ్ మాస్టారు మానేశారు. నాలుగు నెలలు మనిషి లేరు. పుస్తకంలో సబ్జెక్టు ఉంటే చాలదు, చేతిలో కుంచె సరిదిద్దే మనిషి కావాలి. మాస్టారు ఎన్నేళ్లుగా ఉన్నారో, పోయిన ఏడు ఎంతమంది పిల్లలు ఆ సబ్జెక్టు రాశారో అడగండి. తెలుగూ అంతే. సీబీఎస్‌ఈలో తెలుగు ఉంది కదా అనుకున్నాం. ఆ స్కూల్లో చెప్పేవాళ్లు లేక తొమ్మిదిలో హిందీ తీసుకుంది. వారానికో ఉత్తరం తెలుగులో రాయమని నేనే పట్టుబట్టాను. వత్తులు తప్పినా రాసేది. అవన్నీ దాచాను.

చరిత్ర టీచరుగారికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడతాను. "మీ ఊళ్లో ఏముందో రాసుకు రా" అని సెలవులకి పంపారావిడ. పిల్ల మొదట మా కొమ్ము బొమ్మల పనివాళ్ల దగ్గర కూర్చుంది. కొమ్మును వేడి చేసి మెత్తబరచడం, వంచడం, మెరుగుపెట్టడం అన్నీ గీసుకుంది. తర్వాత గిడుగు రామమూర్తి పంతులు గారి మీద పడింది. ఆయన మా ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు, వ్యాకరణం రాశారని నాకు చెప్తుంటే, ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి నాకు తెలియలేదే అనిపించింది. పెరటి గోడ మీద గీసిన పిల్ల, ఆ బొమ్మ వేసేవాళ్ల మాటకి ఒక నిఘంటువు ఉందని అలా తెలుసుకుంది. ఆ ప్రాజెక్టు నలభై పేజీలు. ఏడేళ్ల ఫీజులో నాకు దక్కిన విలువ ఏదంటే దాన్నే చూపిస్తాను.

హాస్టలు శుభ్రంగా ఉంది. తిండి మొదటి ఏడాది సయించలేదు, తర్వాత అలవాటైంది. కరోనాలో ఇంటికి పంపేసినప్పుడు మెస్సు డబ్బు తర్వాతి టర్ములో తగ్గించారు.

మా చిన్నాడు ఇప్పుడు అయిదో తరగతి, మృదంగం అంటే ప్రాణం. నవోదయకి గజపతి నుంచి ఫారం పెట్టాం. అక్క చదివిన స్కూలుకీ పెట్టాం, కానీ దానితో పాటు ఒక ఉత్తరం రాశాను: రాయితీ శాతంలో ఇస్తారా, హాస్టలు ఫీజుకీ వర్తిస్తుందా, మృదంగం మాస్టారు ఎన్నేళ్లుగా ఉన్నారు? జవాబు కాగితం మీద వచ్చాకే డబ్బు కడతామని చివర్లో రాశాను. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి టైపు చేసింది మా పెద్దమ్మాయే.