కదలని ఆల్టోకు పది వాట్ల సోలార్ ప్యానెల్: ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాక

కొన్నవి రెండే వస్తువులు. 10 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి, ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే 10 ఆంపియర్ల పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలర్ ఒకటి. తీగలు, ఫ్యూజు, ప్లగ్గు కలుపుకొని రెండు వేల లోపే అయింది. బిగించింది అనంతపురంలో మా అమ్మానాన్నల ఇంట్లో రేకుల షెడ్డు కింద ఉండే మారుతి ఆల్టోకి, నిలబడి ఉన్నప్పుడు దాని బ్యాటరీ దిగిపోకుండా. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

ఆ కారు నడిచేది చాలా తక్కువ. నేనుండేది బెంగళూరులో. నాన్నకు డెబ్బై దాటాయి, కంటి ఆపరేషన్ అయ్యాక బజారుకు కూడా ఆటోలోనే పోతాడు. బండి అమ్ముదామంటే మాత్రం ఒప్పుకోడు, నాకూ అమ్మాలని లేదు. అమ్మకు ఆయాసం ఉంది. ఏ అర్ధరాత్రో ఎక్కువైతే పక్కింటి అబ్బాయి వచ్చి నడపాలి, ఆ వేళ సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకోవాలి. నేను ఈ ప్యానెల్‌ను తూచింది ఆ ఒక్క అవసరంతోనే.

తాళంచెవి తీసేసినా కారు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటుంది. తలుపులన్నీ మూసి మల్టీమీటర్ పెడితే మా ఆల్టోలో 25 మిల్లీ ఆంపియర్లు చూపించింది. స్టీరియో మెమరీ, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్), తర్వాత వేయించిన సెంట్రల్ లాకింగ్, అన్నీ కలిసి అంత. వినడానికి చిన్నదే, కానీ రోజుకు 0.6 ఏహెచ్ (ఆంపియర్ గంటలు), నెలకు 18. బ్యాటరీయేమో 35 ఏహెచ్, మన తిరుపతి దగ్గర కరకంబాడి వాళ్ళ అమరాన్. అంటే నెల తిరిగేసరికి సగం ఖాళీ. దానికి తోడు ఎండకు బ్యాటరీ తనంతట తానే దిగిపోయే వేగం కూడా పెరుగుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6, 12.7 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగమే. అలా సగంలో వారాల తరబడి వదిలేస్తే లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఇక ఎంత చార్జింగ్ పెట్టినా పూర్తిగా కోలుకోదు. చాలా ఇళ్ళలో బ్యాటరీలు పాడయ్యేది వాడి కాదు, వాడక.

నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి పెట్టడం ఖర్చు లేని ఉపాయమే, కాదనను. కానీ రాత్రిపూట, ఆ కంగారులో, నాన్న టార్చి పట్టుకొని స్పానర్ వెతకడం నేను ఊహించలేను. ఐడిల్‌లో పది నిమిషాలు ఆడిస్తే చాలనేది చాలామంది మాట. దిగిపోయిన బ్యాటరీ దాంతో నిండదు, చివరి 20 శాతం ఎక్కడానికే గంటలు కావాలి.

ఇక ప్యానెల్ సంగతి. షెడ్డు రేకు మీద దక్షిణం వైపు కొంచెం వాల్చి బిగించాం. చూసి నాన్న అడిగిన మొదటి మాట: "ఏమ్మా, ఇంత పలకతో బండి బతుకుతాదా?" మంచి ఎండలో అర ఆంపియర్ పైచిలుకు ఇస్తుంది. ఐదు గంటల గట్టి ఎండ తగిలితే రోజుకు రెండున్నర ఏహెచ్, మా కారు తాగేదానికి నాలుగింతలు. మా వైపు ఎన్.పి.కుంట సోలార్ పార్కులో ఎన్టీపీసీ 2016 నుంచి 250 మెగావాట్లు తీస్తున్నది కూడా ఈ ఎండలోంచే, మాకు దానికి కొదవ లేదు. మే నెలలో ప్యానెల్ వేడెక్కి కాస్త తక్కువ ఇచ్చింది, అయినా చాలినంత ఉంది. ముసురు పట్టిన రోజుల్లో కూడా పొద్దున్నే, ఎండ రాకముందు, నాన్న మీటర్ పెట్టి ఫోన్లో చెప్పే అంకె 12.6కి దిగలేదు. మధ్యాహ్నం 13.7 దగ్గర నిలబడుతుంది. దుమ్ము మాత్రం తుడుస్తూ ఉండాలి, తడిగుడ్డ చాలు.

కంట్రోలర్ లేకుండా ఈ పని చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. ఏమీ తగిలించని ప్యానెల్ 21 వోల్టుల దాకా పోతుంది. కంట్రోలర్ లేకపోతే నిండిన బ్యాటరీలోకి కూడా కరెంటు తోసి తోసి నీళ్ళు ఆవిరి చేస్తుంది. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్. సెట్టింగు లెడ్ యాసిడ్ మీద ఉందో లేదో చూసుకోవాలి. చవక కంట్రోలర్లలో చాలావాటికి ప్యానెల్‌కూ బ్యాటరీకీ పాజిటివ్ ఉమ్మడిగా ఉంటుంది, బండి బాడీయేమో బ్యాటరీ నెగెటివ్‌కు కలిసి ఉంటుంది కాబట్టి ప్యానెల్ నెగెటివ్ తీగ బండి బాడీకి తగలకూడదు. ఈ మాట పెట్టె మీద ఎక్కడా రాయలేదు, రాసి ఉండాల్సింది. బ్యాటరీ పాజిటివ్ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. కంట్రోలర్ బానెట్ కింద వద్దు, అక్కడ వేడీ, బ్యాటరీ గ్యాసూ. మాది షెడ్డు స్తంభానికి ఉంది.

అసంతృప్తి రెండు చోట్ల. ప్యానెల్‌తో వచ్చిన మొసలి క్లిప్పులు వానకు తుప్పు పట్టాయి, వాటిని పడేసి టెర్మినల్‌కు రింగులు బిగించాం. కంట్రోలర్ స్క్రూలు నాసిరకం, ఒకటి బిగిస్తుండగానే మరలు అరిగింది. కారుకూ షెడ్డుకూ మధ్య జంట ప్లగ్గు పెట్టించాను, లాగితే ఊడి వచ్చేది. ఎవరైనా మరిచి బండి కదిపినా తీగ తెగదు. అది డ్రైవర్ తలుపు పక్కనే కనబడేలా వేలాడుతుంది.

డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న ప్యానెళ్ళను నేను సిఫారసు చేయను. మా బావ కారులో మీటర్ పెట్టి చూశాను, తాళంచెవి తీయగానే సిగరెట్ లైటర్ సాకెట్‌లో కరెంటు ఆగిపోతుంది. దానికి గుచ్చిన ప్యానెల్ బ్యాటరీకి ఏమీ పంపడం లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కార్లు పెట్టేవాళ్ళు కూడా ఇది కొనకండి, గోడ ప్లగ్గుకు పెట్టే ఆటోమేటిక్ చార్జర్ తీసుకోండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీనైతే ముందు షాపులో చార్జ్ చేయించాలి, ఈ పలక దాన్ని నింపడానికి రెండు వారాల పైనే పడుతుంది. టైర్ల కోసం, బ్రేకుల కోసం బండిని అప్పుడప్పుడు తిప్పక తప్పదు, ఆ పని పక్కింటి అబ్బాయి చేస్తున్నాడు.

ధర్మవరంలో మా చిన్నాన్న పాత ట్రాక్టర్ దుక్కులు అయిపోతే నెలల తరబడి నిలబడే ఉంటుంది. దానికీ ఇదే పెడుతున్నాం. బ్యాటరీ పెద్దదైనా తాగడానికి ఈసీయూ, సెంట్రల్ లాకింగ్ లాంటివి లేవు, 10 వాట్లు సరిపోతాయి. కంట్రోలర్ మాత్రం స్క్రూలు గట్టిగా ఉన్న వేరే రకం వెతుకుతున్నాను.