సూర్యలంక, రామాపురం, వాడరేవు: ఎవరికి ఏది బాగుంటుంది?

గుంటూరు వాళ్లకి సముద్రం అంటే సూర్యలంకే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల వేరే జిల్లా అయ్యాక కాగితాల మీద గుంటూరు జిల్లాకి తీరమే లేకుండా పోయింది. అయినా ఆదివారం పొద్దున పొన్నూరు రోడ్డు మీద బారులు తీరే కార్లూ బైకులూ చూస్తే అలవాటు ఏమీ మారలేదని తెలుస్తుంది. ఈసారి మా అత్తయ్యగారినీ పిల్లల్నీ తీసుకుని సూర్యలంకతో పాటు రామాపురం, వాడరేవు కూడా చూసొచ్చాం. ముసలివాళ్లు, పిల్లలు ఉన్న ఇంటివాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

గుంటూరు నుంచి నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి సూర్యలంక ఇంకో 9. సొంత కారు ఉంటే చేబ్రోలులో ఆగండి. కోనేటి మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. బ్రహ్మకి గుళ్లు ఉండటమే అరుదు కదా, మా అత్తయ్యగారికి ప్రయాణం మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

మేం సూర్యలంక చేరింది ఆదివారం మధ్యాహ్నం. ఒడ్డు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కాలేజీ పిల్లలు, డీజే పాటలు, గుర్రాలు, ఇసకలో తిరిగే నాలుగు చక్రాల బళ్లు. కార్తీక మాసంలో అయితే సముద్ర స్నానాలకి వచ్చేవాళ్లు వీళ్లకి తోడవుతారు, పౌర్ణమి నాడు ఇంక చెప్పక్కర్లేదు. జనం ఉండటం తప్పేం కాదు. కానీ అంతమందికి సరిపడా మరుగుదొడ్లు, ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకునే గదులు లేవు. ఉన్న కొద్ది వాటి ముందు పెద్ద క్యూ. చాలామంది ఆడవాళ్లు తడి చీరలతోనే బస్సెక్కడం చూశాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ పార్కింగ్ నుంచి ఒడ్డు దాకా ఇసకలో నడవాలంటే ఎంత కష్టమో అధికారులు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండు. నీళ్ల దాకా చెక్కబాట ఒకటి వేస్తే చాలు.

మర్నాడు పొద్దున అదే ఒడ్డు. పదిమంది కూడా లేరు. ఇది తూర్పు తీరం కాబట్టి చలికాలంలో సూర్యుడు నీళ్లలోంచే పైకొస్తాడు. వెనక సరుగుడు తోటలు, ముందు చదునుగా పరుచుకున్న ఇసక. పిల్లలు పీతల వెంట పరిగెత్తారు, అత్తయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. అందుకే నన్నడిగితే, సూర్యలంక వెళ్తే ఆదివారం పోయి అదే సాయంత్రం తిరిగి రావడం కంటే, సోమవారమో మంగళవారమో వెళ్లి రాత్రి అక్కడే ఉండటం మేలంటాను. సెలవు దొరకదంటే కనీసం శనివారం రాత్రికి చేరుకుని ఆదివారం ఎనిమిదింటికల్లా స్నానాలు ముగించండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ సముద్రం చూడటానికి నెమ్మదిగానే ఉంటుంది, కానీ అడుగున ఇసక గుంటలు చోటు మారుతూ ఉంటాయి, వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఏటా కుర్రవాళ్ల ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పోలీసులు ఈల వేస్తుంటే నవ్వుతూ ఇంకా లోపలికి పోయేవాళ్లని చూస్తే నాకు గుండె దడ. అక్కడున్న గజ ఈతగాడొకాయన మా పెద్దాడితో, "బాబూ, ముందుకొచ్చే అలని చూడటం కాదు, అల వెనక్కి పోయేటప్పుడు నీ కాళ్ల కింద ఇసక ఎంత జారుతుందో చూడు. గబగబా జారిందంటే ఒడ్డుకి వచ్చెయ్యి" అన్నాడు. పిల్లలకి మీరూ ఇదే చెప్పండి. ఒకవేళ నీరు లాగేస్తే ఎదురీదితే అలిసిపోతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ ప్రవాహం దాటాక వెనక్కి రావాలి. మందు తాగి దిగేవాళ్లకి మాత్రం చెప్పి లాభం లేదు, ఆపాల్సిందే.

బస విషయానికొస్తే, సూర్యలంకలో పర్యాటక సంస్థ వారి హరిత రిసార్ట్ ఉంది. దాని గొప్పతనం అది ఉన్న చోటే, గది తలుపు తీస్తే సముద్రం. వారాంతానికి కావాలంటే చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. బాపట్ల ఊళ్లో లాడ్జీలు చవక, భావనారాయణస్వామి గుడికి దగ్గర. కానీ పొద్దున్నే సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే ఆటో వెతుక్కోవాలి.

రామాపురం వేటపాలెం దగ్గర ఉంది, ప్రైవేటు రిసార్టులు ఎక్కువ అక్కడే. ఒడ్డు శుభ్రంగా ఉంటుంది, జనం తక్కువ, పిల్లలకి స్విమ్మింగ్ పూల్ ఉంటుంది. మేం దిగిన చోట మాత్రం చేదు అనుభవమే. ఫోన్లో చెప్పిన అద్దె ఒకటి, చేరాక అడిగింది ఇంకొకటి. అదనపు పరుపుకి డబ్బు, వేడినీళ్లు పొద్దున ఏడు దాటితే రావు, రాత్రి భోజనం ముందే చెప్పలేదని వంట లేదన్నారు. మా ఆయన గట్టిగా అడిగితే అద్దె తగ్గించారు గానీ ఆ టెన్షన్‌తో పూట పాడైంది. కాబట్టి ఎక్కడ దిగినా అద్దె, మంచాల సంఖ్య, భోజనం, ఖాళీ చేయాల్సిన టైము వాట్సాప్‌లో రాయించుకోండి. ఆ తర్వాతే అడ్వాన్స్ పంపండి. ఇంత జరిగినా, సముద్రం ఒక్కటే కొలిస్తే పిల్లలున్నవాళ్లకి నా ఓటు రామాపురానికే.

వాడరేవు చీరాలకి ఏడు కిలోమీటర్ల లోపే. ఇది మొదట జాలర్ల ఊరు, తర్వాతే విహారస్థలం. పొద్దున పడవలు ఒడ్డుకి చేరే వేళకి వెళ్తే చేపలు బుట్టల్లో అప్పుడే దిగుతుంటాయి, బేరం మొదలవుతుంది. వంజరం, చందువ, రొయ్యలు, పీతలు. కొనిస్తే దగ్గర్లోని చిన్న హోటల్లో వండిపెడతారు. చింతపులుసు, పచ్చిమిర్చి, నూనె పైకి తేలిన ఆ వంజరం పులుసు తిన్నాక సూర్యలంక ఒడ్డు మీద తిన్న చేప వేపుడు నాకు గుర్తు కూడా రాలేదు. అక్కడి వేపుడుకి రంగు ఎక్కువ, రుచి తక్కువ. నూనె ఎన్నిసార్లు కాగిందో కూడా చూసుకోవాలి. వాడరేవులో స్నానానికి మాత్రం దిగకండి, వలలు, తాళ్లు, పడవల రాకపోకలు ఉంటాయి.

ఎండెక్కాక ఒడ్డున చేసేదేం లేదు. ఆ టైములో వేటపాలెం వెళ్లాం. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది, పాత తెలుగు పత్రికలు దాచిపెట్టిన చోటు. చదువుకునే పిల్లలుంటే తప్పక చూపించండి. జీడిపప్పు కూడా వేటపాలెంలోనే కొనండి, కొనేముందు ఒక పలుకు నోట్లో వేసుకుని చూడండి. చీరాలలో చేనేత చీరలు చూద్దామనుకున్నా, పిల్లలు అలిసిపోవడంతో వదిలేశాం.

విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి రైలే సుఖం. తెనాలి మీదుగా చెన్నై వైపు వెళ్లే బండ్లలో కొన్ని బాపట్లలో, చీరాలలో ఆగుతాయి. గుంటూరు నుంచైతే బస్సు నయం. బాపట్లలో దిగాక సూర్యలంకకి ఆటో రాను పోను కలిపి మాట్లాడుకుని, ఆటో అతని నంబరు తీసుకోండి. చీకటి పడ్డాక ఒడ్డున ఆటోలు తగ్గిపోతాయి, ఉన్నవాళ్లు అడిగినంత ఇవ్వాల్సి వస్తుంది.