గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ: కొత్త ఆటల కోసం ఒక పాత యంత్రం

గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, అంటే చేతిలో పట్టుకుని ఆడుకునే నింటెండో వీడియో గేమ్ యంత్రం, మార్కెట్‌లోకి వచ్చింది 2003లో. దాని తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. అయినా దానికోసం ఆటలు రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ ఒక్క కారణం లేకపోతే నేను దీన్ని ఇన్నేళ్లు వాడేవాడిని కాదు. పాత ఆటల మీద బెంగతో కొన్నవాళ్లను చూశాను. ఆ బెంగ తీరగానే యంత్రం బీరువాలోకి వెళ్లిపోతుంది. హోమ్‌బ్రూ, అంటే కంపెనీలతో సంబంధం లేకుండా అభిమానులు సొంతంగా రాసి విడుదల చేసే ఆటలు, రుచి తెలిసినవాళ్ల దగ్గర మాత్రం అది చేతిలోనే ఉంటుంది.

నాకు దీనితో బాల్య స్మృతులు కూడా ఏమీ లేవు. మా తరం తిరుపతి పిల్లలకు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే నకలు యంత్రం, దాని నెత్తిన గుచ్చే పసుపు రంగు కార్ట్రిడ్జ్, అంటే ఆట ఉండే డబ్బీ. గేమ్‌బాయ్‌ని బొమ్మల్లోనే చూశాం. అమెరికాలో ఉంటున్న మా పెద్దనాన్న కొడుకు తెచ్చి ఇచ్చాక గానీ నా చేతికి రాలేదు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పెద్దయ్యాక మొదలుపెట్టినవాడి మాట.

ఎస్పీలో రెండు రకాలున్నాయి. 001 రకానికి తెర ముందు నుంచి వెలుగు పడుతుంది. 2005లో వచ్చిన 101 రకానికి తెర వెనుక నుంచి వస్తుంది. నాది రెండోది. చీకట్లో దీని తెర చాలా బాగుంటుంది. అయితే చెన్నై వెళ్లే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుంటే, రేణిగుంట దాటాక ఎండ నేరుగా పడి తెర వెలవెలబోతుంది. ఆ ఎండలో 001 రకం లైటు ఆర్పేసి ఆడుకోవచ్చు. ఆరుబయట ఎక్కువగా ఆడేవారికి పాతదే మేలని నా అభిప్రాయం. మూత మూస్తే చొక్కా జేబులో పట్టేస్తుంది, బరువు 143 గ్రాములే. ఫోనులో ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని అద్దం మీద వేళ్లు జార్చేవారికి, అసలు బటన్ల మీద బొటనవేలు ఆనినప్పుడు ఉండే భరోసా ఎంత చెప్పినా తెలియదు.

దీని కడుపులో ఉన్నది ఒక యంత్రం కాదు, రెండు. అడ్వాన్స్ ఆటల కోసం 16.78 మెగాహెర్ట్జ్ ఏఆర్ఎం ప్రాసెసర్, పాత గేమ్‌బాయ్ ఆటల కోసం విడిగా 8 బిట్ల ప్రాసెసర్. కార్ట్రిడ్జ్ పెట్టే గాడిలో ఒక చిన్న మీట ఉంటుంది. పాత కార్ట్రిడ్జ్ ఆకారం ఆ మీటను నొక్కుతుంది, అప్పుడు యంత్రం 3.3 వోల్టుల నుంచి 5 వోల్టులకు మారి పాత గేమ్‌బాయ్‌గా పనిచేస్తుంది. ప్లాస్టిక్ ఆకారాన్ని బట్టే ఇది జరిగిపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. హోమ్‌బ్రూ ఆడేవారికి దీనివల్ల ఒక ఖర్చు కూడా ఉంది. మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే ఫ్లాష్ కార్ట్ రెండు తరాలకూ వేర్వేరుగా కొనాలి. అడ్వాన్స్ ఫ్లాష్ కార్ట్‌లో పాత ఆటలు ఎమ్యులేటర్ మీద నడుస్తాయి. పని జరుగుతుంది కానీ ధ్వని అసలుదానిలా ఉండదు. నేను రెండూ ఉంచుకున్నాను.

ఇక ఆటలు. మొదట చెప్పాల్సింది 2017లో వచ్చిన టోబు టోబు గర్ల్. ఒక అమ్మాయి పెంపుడు పిల్లి బెలూన్లతో ఆకాశంలోకి తేలిపోతుంది. ఆ అమ్మాయి ఎగిరే జీవుల మీద కాలు మోపుతూ పైకి పైకి వెళ్లాలి. అంతే కథ. నాలుగు ఛాయలు, 160×144 పిక్సెళ్లు ఉన్న పాత గేమ్‌బాయ్ తెర మీద ఇంత వేగం, ఇంత స్పష్టత ఎలా వచ్చాయో చూడాలంటే దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. కష్టమైన ఆటే, కానీ ఓడిన ప్రతిసారీ తప్పు మన వేలిదేనని తెలిసిపోతుంది. ఆట మొదలయ్యేటప్పుడు ఎడమ బాణాన్ని, బి బటన్‌ను కలిపి పట్టుకుంటే నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. నాకు అదే ఇష్టం.

పాత గేమ్‌బాయ్‌లో రంగుల రకమైన గేమ్‌బాయ్ కలర్ కోసం అసెంబ్లీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మైక్రో సిటీ నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచింది. నగరం కట్టే ఆట: ఇళ్లు, దుకాణాలు, కర్మాగారాలు, కరెంటు తీగలు, రోడ్లు, రద్దీ, కాలుష్యం. ఇవన్నీ 32 కిలోబైట్ల మెమరీ ఉన్న యంత్రంలో ఇమిడిపోయాయి. నగరం పెరిగాక లెక్క కాస్త నింపాదిగా సాగుతుంది. ఆ ఆలస్యం నాకు ఇబ్బంది అనిపించలేదు, ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. తిరుపతి లీలామహల్ కూడలిలో సాయంత్రం రద్దీ చూసినవాళ్లకు, రోడ్డు ముందు వేయాలా ఇళ్లు ముందు కట్టాలా అనే ప్రశ్న ఆటలో కూడా అంతే తలనొప్పిగా ఉంటుంది.

అడ్వాన్స్ వైపు అపోట్రిస్ ఒక్కటి చాలు. ఇటుకలు పేర్చే ఆటల్లో ఇంత చురుగ్గా చేతికి స్పందించేది నేను చూడలేదు. మీటల అమరిక, వేగం, అన్నీ మన ఇష్టానికి మార్చుకోవచ్చు. గుడ్‌బాయ్ గెలాక్సీ తొలి అధ్యాయం ఉచితంగా దొరుకుతుంది, బొమ్మల పనితనం కోసమైనా చూడాలి. మళ్లీ పాత గేమ్‌బాయ్ వైపు వస్తే, 2019 నాటి డెడియస్ మంచి భయానక కథ, 11 రకాల ముగింపులున్నాయి. అయితే పిల్లల చేతికి ఇవ్వకండి, రక్తపాతం ఎక్కువ.

నేను దీన్ని వదలకపోవడానికి ఆ హోమ్‌బ్రూలోనే ఇంకో కారణం ఉంది: ఆటలు మనమూ తయారు చేసుకోవచ్చు. జీబీ స్టూడియో అనే ఉచిత ఉపకరణం 2019లో వచ్చింది. ప్రోగ్రామింగ్ రాకపోయినా బొమ్మలు పేర్చి, సంఘటనలు కలిపి, నిజమైన గేమ్‌బాయ్‌లో నడిచే ఆట తయారు చేయవచ్చు. మా మేనకోడలి కోసం అలిపిరి మెట్లదారి ఆట మొదలుపెట్టాను. 3,550 మెట్లు. ఒక్కో మెట్టుకు 8 పిక్సెళ్లు ఇచ్చినా 28,400 పిక్సెళ్ల ఎత్తు. జీబీ స్టూడియోలో ఒక దృశ్యం 2,040 పిక్సెళ్లు దాటకూడదు, అంటే దృశ్యాలు 14 కావాలి. అలా చేస్తే ఆడేవారికి నిజంగానే కాళ్లు లాగుతాయి కాబట్టి గాలిగోపురం, ఏడో మైలు ఆంజనేయస్వామి, మోకాళ్ల పర్వతం అని మజిలీలుగా విడగొట్టాను. "మామయ్యా, కోతి కొబ్బరిచిప్ప లాక్కుంటే ఏమవుతుంది?" అని అది అడిగిన రోజే కోతులు ఆటలోకి వచ్చాయి.

అసలు పరీక్ష తెలుగు అక్షరాలు పెట్టాయి. గేమ్‌బాయ్ తెర 8×8 పిక్సెళ్ల పలకలుగా నడుస్తుంది, ఇంగ్లిష్ అక్షరం ఒక పలకలో హాయిగా కూర్చుంటుంది. తెలుగుకు తలకట్టు పైన రెండు వరుసలు తినేస్తుంది, వత్తు కింద ఇంకో మూడు వరుసలు అడుగుతుంది. మధ్యలో మిగిలిన చోట ప, వ ఒకేలా కనిపిస్తాయి. ద, ధ సంగతి చెప్పనక్కరలేదు. పైగా గుణింతాలను, వత్తులను కలిపి పేర్చే ఏర్పాటు జీబీ స్టూడియోలో లేదు. చివరికి ఎత్తు 16 పిక్సెళ్లుగా పెట్టుకుని, మాటలను బొమ్మలుగా గీశాను. దృశ్యానికి 192 వేర్వేరు పలకలే అనుమతి. కొండకు, చెట్లకు, మెట్లకు పోను మిగిలిన వాటిలో సంభాషణ ఇమడాలి. ఒకే మాట మళ్లీ వచ్చినప్పుడు సరిగ్గా గళ్ల హద్దు మీదే మొదలైతే పాత పలకలే సరిపోతాయి, ఒక్క పిక్సెల్ జరిగినా కొత్త పలకలు ఖర్చవుతాయి. అందుకే నా పాత్రలన్నీ తక్కువ మాట్లాడతాయి, "గోవిందా" అనే మాట మాత్రం ఎన్నిసార్లైనా అంటాయి. తెలుగులో రాయాలనుకునేవారు మొదట "శ్రీ", "ళ్ల", "ఘ" గీసి చూడండి. ఆ మూడూ చదవగలిగేలా వస్తే మిగతావన్నీ వస్తాయి.

యంత్రం విషయానికి వద్దాం. అమెరికాలో కొన్నదైతే దానితో వచ్చే ఛార్జర్ మీద 120 వోల్టులని రాసి ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో దాన్ని పెట్టకూడదు. యంత్రానికి కావలసింది 5.2 వోల్టులే కాబట్టి, దీనికోసం దొరికే యూఎస్‌బీ తీగను మామూలు ఫోను ఛార్జర్‌కు తగిలిస్తే సరిపోతుంది. లోపలి బ్యాటరీ 600 మిల్లీ యాంపియర్ అవర్స్‌ది, ఒక్క స్క్రూ తీసి మార్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించిన బదులు బ్యాటరీ ఒకటి మే నెల ఎండల్లో ఉబ్బింది. అప్పటి నుంచి వేసవిలో దీన్ని కారులో వదలను, నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీ తీసి పెడతాను. హెడ్‌ఫోను రంధ్రం లేదు, ఛార్జింగ్ చోటే వేరే అడాప్టర్ పెట్టుకోవాలి. రైల్లో పక్కవారి నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక నేను ఎక్కువగా ధ్వని ఆపేసే ఆడతాను, మంచి సంగీతం ఉన్న ఆటలకు అది నష్టమే.

అరిగేవి ఎల్, ఆర్ భుజం బటన్లు. మెయిన్ స్క్రూలకు మూడు రెక్కల గాడి ఉంటుంది. ఐఫోను లోపలి స్క్రూలకు వాడే మూడు రెక్కల స్క్రూడ్రైవర్ ఆ ఆకారంలోనే ఉన్నా దీనికి చిన్నదైపోతుంది. తగినది నాకు చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికింది.

కొనేటప్పుడు మూడు చూడండి. మూతను మెల్లగా తెరిచి మూస్తూ కీలు దగ్గర ప్లాస్టిక్ పగిలిందేమో గమనించండి. వెలుగు బటన్ నొక్కినప్పుడు లైటు పూర్తిగా ఆరిపోతే అది 001, తగ్గి పెరిగితే 101. అమ్మేవాళ్లు ఏం చెప్పినా ఈ బటన్ మాటే నమ్మండి. ఆపై పాత గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్ ఒకటి, అడ్వాన్స్ కార్ట్రిడ్జ్ ఒకటి పెట్టి రెండూ ఆడతాయో లేదో చూడండి. గాడిలోని ఆ చిన్న మీట పాడైతే సగం యంత్రమే చేతికి వస్తుంది.