గ్యారేజీ చూరుకి ఫేసియా వెనుక ఏ చెక్క? 8 ఏళ్ల తర్వాత

మా గ్యారేజీ కప్పుకి రెండు చూర్లు. 8 ఏళ్ల కిందట పాత ఫేసియా పలకలు (చూరు అంచున వాసాల కొనల్ని కప్పే నిలువు పలకలు) పుచ్చిపోతే పీకించి, రెండు వైపులా తెల్ల పీవీసీ ఫేసియా వేయించాను. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. లోపల ఆధారంగా కొట్టిన చెక్క మాత్రం వేరు. ముందువైపు పుచ్చకుండా మందు పట్టించిన పైన్ పలక, 20 మిల్లీమీటర్లది. వెనకవైపుకి, ఇంట్లో మిగిలిన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌నే బద్దలుగా కోయించి వాడేశాను.

ఈమధ్య వానలకి వెనకవైపు గట్టర్, అంటే చూరు నీళ్లు పట్టే తొట్టి, నడుమ కుంగింది. బ్రాకెట్ స్క్రూ ఎంత తిప్పినా బిగుసుకోలేదు, వేళ్లతో లాగితే ఊడి చేతికొచ్చింది. దాని మరల నిండా తడి చెక్కపొట్టు. ఫేసియా విప్పి చూస్తే ప్లైవుడ్ కింది అంచు వానకి నానిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. కింది నుంచి స్క్రూడ్రైవర్ మొన పెడితే రెండంగుళాలు తేలిగ్గా దిగిపోయింది. పై సగం మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. నీళ్లు జారి నిలిచేది కింది అంచునే, ప్లైవుడ్ నీళ్లు పీల్చేదీ కోసిన అంచు నుంచే. మాది ఇంటి లోపలి పనులకి తెచ్చిన రకం. నీళ్లకి తట్టుకునే జిగురు వేసిన ప్లైవుడ్ అయితే పొరలు అంత తొందరగా విడిపోవు. కానీ జిగురు ఆగినంత మాత్రాన చెక్క పుచ్చకుండా ఉండదు.

అసలు నీళ్లు ఎందుకొచ్చాయంటే, పెంకుల కింద నీళ్లు దిగకుండా పరిచే ఫెల్ట్ షీటు గట్టర్ దాకా రాకుండా కొంచెం వెనకే ఆగిపోయింది. ముందువైపు కూడా అదే తప్పు ఉంది. అందుకే అక్కడా ఒక ముక్క విప్పించాను. పైన్ పలక రంగు మారింది, అంతే. సుత్తితో తడితే ఖంగుమంది. బ్రాకెట్ స్క్రూలు పట్టు వదల్లేదు.

ఒక్క మూల తప్ప. అక్కడ రంపంతో కోసిన కొన నల్లబడి, గోరు దిగేంత మెత్తగా అయింది. మందు సాధారణంగా చెక్క గుండె దాకా చేరదు, పై భాగంలోనే ఉంటుంది. కోసిన చోట మందు లేని చెక్క బయటపడుతుంది, దానికి మళ్లీ పూయాలి. మిగతా కొనలన్నిటికీ నేనే బ్రష్షుతో రెండు పూతలు వేశాను. ఇదొక్కటీ నిచ్చెన మీద కొలత కుదరక అప్పటికప్పుడు కోసిన ముక్క, పూత లేకుండానే కొట్టేశాం.

అసలు వెనక చెక్క అవసరమా అంటే, పీవీసీ మందాన్ని బట్టి. నాది 9 మిల్లీమీటర్లది, అది ముసుగు మాత్రమే, బరువు మోయదు. 16, 18 మిల్లీమీటర్ల బోర్డుల్ని, వాసాల మధ్య ఎడం 600 మిల్లీమీటర్లు దాటకపోతే, వాసం కొనలకే నేరుగా బిగించుకోవచ్చు. 100 మిల్లీమీటర్ల అర్ధవృత్తపు గట్టర్ నిండితే మీటరుకి దాదాపు 4 కిలోల నీళ్లు. 5 మీటర్ల చూరుకి 20 కిలోలు. పలచటి ఫేసియా ఉన్నచోట ఆ బరువంతా స్క్రూల ద్వారా వెనక చెక్క మీదే పడుతుంది.

మేకుల దగ్గర పిసినారితనం వద్దు. రాగి ఉన్న మందు పట్టించిన చెక్కలో మామూలు ఇనుప మేకులు తొందరగా తుప్పుపడతాయి, స్టెయిన్‌లెస్‌వే వాడాలి. కొత్తగా మందు పట్టించిన పలక తడిగా వస్తుంది. ఒకదాన్ని నేను ఆరబెట్టకుండానే కొట్టించాను, అది ఆరాక వంకర తిరిగి పైనున్న ఫేసియాని కూడా అలలా చేసింది. పీవీసీ సంగతి వేరు, అది తడికి కాదు, ఎండకి సాగుతుంది. 5 మీటర్ల ముక్క 40 డిగ్రీల తేడాకి సెంటీమీటరు పైనే పెరుగుతుంది, కాబట్టి అతుకు పట్టీ కింద సందు వదలాలి. చెక్క అతుకులు మాత్రం వాసం కొన మీదే రావాలి.

వెనకవైపు ఇప్పుడు 5 మీటర్లూ పైన్ పలకలే. మొదట ఫెల్ట్ కింద కొత్త పట్టీ దూర్చి గట్టర్‌లోకి దింపాం. కోసిన ప్రతి కొననీ నేల మీదే మందు డబ్బాలో ముంచి, ఆరాకే పైకి అందించాను. ముందువైపు మెత్తబడిన కొనని పక్క వాసం దాకా కోసేసి కొత్త ముక్క వేశాం. ఆ పలకలో మిగతాదంతా అలాగే ఉంచాను.